గ్రంథపాలకునకు తోడెవరు?

ఉపాధ్యాయునకు పాఠశాలలో సాటివారు కలరు. పాఠము నడుమ సందేహము కలిగినచో గంట కొట్టిన పిమ్మట ప్రక్కనున్నవారిని అడిగి తీర్చుకొనవచ్చును. న్యాయవాదికి కచేరి ఆవరణలో పెద్దలు కలరు. వైద్యునకు తెలియని వ్యాధి ఎదురైనచో మరియొక వైద్యునితో ఆలోచించును. నేతగానికి మగ్గముల వీథియే బడి. ఊరి గ్రంథాలయమున కూర్చుండు గ్రంథపాలకుని సంగతి వేరు. తలుపు తీయువాడు తానే, పత్రికలు సర్దువాడు తానే, పుస్తకములకు సంఖ్యలు వేయువాడు తానే, సాయంకాలము దీపమార్పి తాళము వేయువాడును తానే. తన పనిలోని మంచిచెడ్డలు తెలిసిన మనుష్యుడు సాధారణముగా ఆ ఊర మరియొకడు ఉండడు. పని ఎట్లు చేసినను అడుగువారు లేరు. మెరుగుపరచుకొందమన్నను చెప్పువారు లేరు.

గ్రంథాలయము అనగానే మనకు మొదట భవనము తలపునకు వచ్చును, తరువాత పుస్తకములు. ఈ రెంటికిని ప్రాణము పోయువాడు ఆ మనుష్యుడు. ఆతడు నేర్చుకొనుట మానినచో ఎంత మంచి గ్రంథములున్నను బీరువాలలోనే ముసలివగును. కనుక గ్రంథపాలకునకు శిక్షణ ఎక్కడ లభించును, శిక్షణ ముగిసిన పిదప సాటివారి సాహచర్యము ఎట్లు దొరకును అను ప్రశ్న ఆ ఉద్యోగులకు మాత్రమే సంబంధించినది కాదు. వారి చేతినుండి పుస్తకమును అందుకొను ప్రతి విద్యార్థికిని, ఆ విద్యార్థిని అచ్చటికి పంపు ప్రతి ఉపాధ్యాయునకును సంబంధించినది.

బాట పొడవున చరిత్ర

హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై, నగరమునకు ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున చౌటుప్పల్ కలదు. చిరకాలము నల్లగొండ జిల్లాలో ఉండిన ఈ ఊరు 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనమున యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. రాత్రింబవళ్లు బస్సులును లారీలును పోవు ఈ బాటను మనము వ్యాపారపు బాటగా ఎరుగుదుము. తెలుగుదేశపు గ్రంథాలయ సేవకుల చరిత్రయు చాలవరకు ఈ బాట పొడవుననే నడచినదను సంగతి పలువురు గమనింపరు.

పడమటి కొననుండి బయలుదేరుదము. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. రావిచెట్టు రంగారావు గారు తమ ఇంటిలోనే దానికి చోటిచ్చిరి. ఆ యత్నమునకు వెన్నెముకయైన కొమర్రాజు లక్ష్మణరావు గారు మునగాల సంస్థానమున దివానుగా పనిచేసినవారు. దానికి అండగా నిలిచినవారిలో మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు ఒకరు. ఆ మునగాల ఇదే బాటపై, చౌటుప్పల్‌కును సూర్యాపేటకును ఆవల కలదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడుటతో తెలంగాణమున ఈ కృషికి రెండవ కేంద్రము లభించినది.

చౌటుప్పల్ దాటి తూర్పునకు పోవుచుండగా నకిరేకల్ ప్రాంతము వచ్చును. వట్టికోట ఆళ్వారుస్వామి గారు ఈ ప్రాంతమువారు. పేదరికమున పుట్టి, ఇండ్లలోను హోటళ్లలోను పనిచేసి, ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. పుస్తకములను తామే మోసికొని పోయి చదువరులకు చేర్చిరి. ఆయనకు గ్రంథాలయశాస్త్రమున పట్టము లేదు. అయినను చదువరి వచ్చువరకు కూర్చుండక చదువరిని వెదకికొని పోవలెనను తొలిపాఠము ఆయన ఆచరణలో కనబడుచున్నది.

ఆ తరువాతిది సూర్యాపేట. నిజాము రాజ్యములోని తెలుగు గ్రంథాలయముల ప్రతినిధులు 1925లో మధిరలోను, 1928లో సూర్యాపేటలోను సభలు జరుపుకొనిరి. సభ జరుపవలెనన్నచో ప్రభుత్వపు అనుమతి కావలసిన దినములవి. పుస్తకముల బీరువాను గూర్చి మాటాడుకొనుటకు సైతము అధికారుల వాకిట నిలువవలసి వచ్చెడిది. అట్టి కాలమున ఊరూరినుండి గ్రంథాలయ సేవకులు వచ్చి ఒకచోట కూడుట సామాన్యమైన విషయము కాదు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరుగుటకు ముందే, తెలుగువారు కలిసి కూర్చుండి చర్చించు అలవాటును ఇట్టి సభలు కూడ పెంపొందించినవి.

బాటకు తూర్పుకొన విజయవాడ. అచ్చట 1911లో రామమోహన గ్రంథాలయము స్థాపితమైనది. ఈ దేశమున గ్రంథాలయ సేవకుల సంఘజీవనమునకు పునాదిరాయి పడినది ఆ ఊరనే.

సభ, పత్రిక, తరగతి

1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైరి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము అప్పుడు పుట్టినది. దీనిని నడపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు తమ దీర్ఘ జీవితమంతయు ఈ పనికే అర్పించిరి. 1972లో ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది.

ఆ పెద్దలు చేసిన పనిని పరిశీలించినచో మూడు సాధనములు కనబడును. మొదటిది సభ. ఏడాదికొకపరి యైనను సేవకులు ముఖాముఖి కలిసికొనవలెను. రెండవది పత్రిక. సభకు రాలేనివాని ఇంటికి సభ పోవలెను. ఇందులకై సంఘము పుట్టిన ఒకటి రెండేండ్లకే అయ్యంకి వారు గ్రంథాలయ సర్వస్వమును వెలువరించిరి. మూడవది తరగతి. ఉత్సాహమొక్కటే చాలదు, పని తెలియవలెను. కనుక 1920లో సంఘమే గ్రంథాలయ సేవకులకు బెజవాడలో శిక్షణ తరగతిని నడపినది. మన విశ్వవిద్యాలయములు ఇంకను ఈ శాస్త్రమువైపు చూడని కాలమది.

వారి దృష్టి తెలుగు నేలకే పరిమితము కాలేదు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత ప్రజా గ్రంథాలయ మహాసభ జరుగుటకు ఆంధ్రుల కృషియే ముఖ్యకారణము. దానికి అధ్యక్షత వహించిన కుడాల్కరు గారు బరోడానుండి వచ్చిరి. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడు అంతకుముందే అమెరికానుండి బోర్డెను అను నిపుణుని రప్పించి, 1911లో గ్రంథపాలకులకు తరగతి పెట్టించియుండెను. ఒకచోట నేర్చినది మరియొకచోటికి ఎట్లు ప్రాకునో ఇందువలన తెలియుచున్నది. 1968నుండి ఏటేట మనము జరుపుకొనుచున్న జాతీయ గ్రంథాలయ వారోత్సవములు నవంబరు 14వ తేదీననే ప్రారంభమగుచున్నవి.

ఉపాధ్యాయులే తొలి శ్రోతలు

శియాలి రామామృత రంగనాథన్ గారి కథ ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. ఆయన గణితము బోధించు అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా నియమింపబడినప్పుడు ఆ ఉద్యోగము ఆయనకు రుచింపలేదు. మరల తరగతి గదికి పోవలెనను కోరిక ఉండెను. శిక్షణకై ఇంగ్లండునకు పంపబడి అచ్చటి గ్రంథాలయములనేకము స్వయముగా చూచి, సాటివారితో మాటాడి, పని పట్టుబడిన పిదప ఆ కోరిక మాయమైనది. తరువాత ఆయన ఈ శాస్త్రమునకు ప్రపంచము మెచ్చిన ఆచార్యుడయ్యెను. ప్రతిభ ఆయనదే, ఆ ప్రతిభకు త్రోవ చూపినవి శిక్షణయు సాహచర్యమును.

తాను రూపొందించిన పంచసూత్రములను ఆయన మొదట బహిరంగముగా వినిపించినది 1928 డిసెంబరులో, చిదంబరము చెంతనున్న మీనాక్షీ కళాశాలలో, విద్యాసమ్మేళనమునకు వచ్చిన ఉపాధ్యాయుల యెదుట. గ్రంథముగా అవి 1931లో వెలువడినవి. మద్రాసు గ్రంథాలయ సంఘము 1928లో ఏర్పడి, మరుసటి ఏటినుండి శిక్షణ తరగతిని నడపగా, 1931లో విశ్వవిద్యాలయము ఆ బాధ్యతను తానే స్వీకరించినది. ఇచ్చటను సంఘము ముందు, విశ్వవిద్యాలయము వెనుక.

గ్రంథాలయము పెరుగుచుండు జీవి వంటిదని ఆయన భావన. జీవి పెరుగుచుండగా దానిని సాకువాడు పెరుగకున్నచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. ఆగస్టు 12వ తేదీని ఆయన జన్మదినముగా ఎంచి గ్రంథపాలకుల దినమును జరుపుట మన ఆచారము. ఆనాడు పటమునకు పూలదండ వేసి ఊరుకొనుటకన్న, నలుగురు గ్రంథపాలకులు కూడి ఒక పూట పనిని గూర్చి మాటాడుకొనుట ఆయనకు తగిన పూజ.

నేడు తెరచియున్న తలుపులు

శిక్షణ దొరకదని నేడు ఎవరును అనలేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1935లో ఈ శాస్త్రమున డిప్లొమాను ప్రారంభించినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1959లో గ్రంథాలయశాస్త్ర బోధన మొదలైనది. ఉద్యోగము విడిచి పోలేనివారికి హైదరాబాదులోని డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమును, ఇందిరాగాంధి జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమును ఇంటివద్దనే చదువుకొను వీలు కలిగించినవి. విజయవాడలో పాతూరి నాగభూషణము గారు పెంచిన సర్వోత్తమ భవనమున గ్రంథాలయ సేవకులకు శిక్షణ నడచినది. ఈ నాగభూషణము గారే 1935లో పెదపాలెమునుండి కాలువపై పడవలో పుస్తకములు పంపి పడవ గ్రంథాలయమును నడపినవారు.

సంఘములకును కొదువ లేదు. అఖిల భారత స్థాయిలో భారతీయ గ్రంథాలయ సంఘము 1933లో కలకత్తాలో ఏర్పడినది. ప్రపంచ గ్రంథాలయ సంఘముల సమాఖ్య 1927నుండి పనిచేయుచున్నది. 1972లో స్థాపితమైన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానము పుస్తకములకే కాక సదస్సులకును, శిక్షణ శిబిరములకును ధనసహాయము చేయుచున్నది. కంప్యూటరుపై పుస్తకముల పట్టికను నడపుటకు ఉచితముగా లభించు కోహా వంటి సాధనములు కలవు. కోహా అనగా న్యూజీలాండులోని మావోరీ భాషలో కానుక అని అర్థము. అచ్చటి ఒక చిన్న ప్రాంతపు గ్రంథాలయము తన అవసరమునకై చేయించి, 2000 సంవత్సరమున లోకమునకు విడిచిన కానుక అది.

చట్టముయొక్క అండయు కలదు. 1948నాటి మద్రాసు చట్టమును, 1955నాటి హైదరాబాదు చట్టమును కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము వచ్చినది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయు పద్ధతియు, జిల్లా గ్రంథాలయ సంస్థలును దీనివలన స్థిరపడినవి.

ఇన్ని తలుపులు తెరచియున్నను లోపము ఎచ్చటనున్నది? తలుపులలో అధికభాగము బాటకు రెండు కొనలందున్నవి. గ్రంథపాలకుడు బాట నడుమ ఉన్నాడు. పట్టము ఉద్యోగమునకు ముందు ఒకమారు లభించును. సదస్సు నగరమున జరుగును. ఆతడు పోవలెనన్నచో ఆనాడు గ్రంథాలయము మూసివేయవలెను. కళాశాలల గ్రంథపాలకులకు పునశ్చరణ తరగతులు కలవు. చిన్న ఊరి శాఖా గ్రంథాలయమున ఉన్నవానికి అట్టి ఏర్పాటు మిక్కిలి తక్కువ. శిక్షణ ఎక్కువ అవసరమైనవానికే అది దూరమై యున్నది.

ఒంటరితనమున పుట్టు చిక్కులు

సాహచర్యము లేకున్న ఏమి నష్టమని కొందరు అడుగుదురు. ఒక చిన్న ఉదాహరణము చూడుడు. కొమర్రాజు లక్ష్మణరావు గారి పుస్తకమును పట్టికలో ఎచ్చట చేర్చవలెను? మనకు ఇంటిపేరు ముందు, పేరు తరువాత. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర. వారి పద్ధతికై తయారైన పట్టికలో చివరిమాటయే ఇంటిపేరని యెంచి, ఆయనను రావుల జాబితాలో చేర్చినవాడును ఉండవచ్చును. ఒక గ్రంథాలయమున ఆయన ‘క’లో దొరకును, ఇంకొకచోట ‘ల’లో, వేరొకచోట ‘ర’లో. శ్రీశ్రీని ఆ పేరుననే వెదకవలెనా, శ్రీరంగమువారిలో వెదకవలెనా? చలము గారిని గుడిపాటివారిలో చూడవలెనా? ఊరినిబట్టి సమాధానము మారినచో, పై చదువునకు వేరొక ఊరు పోయిన విద్యార్థి ఉన్న పుస్తకమును లేదనుకొని వెనుదిరుగును.

వర్గీకరణమును అట్టిదే. డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యమునకు 894.827 అను సంఖ్య కేటాయింపబడినది. ఇంగ్లీషు సాహిత్యమునకు 820 అను ప్రధాన సంఖ్య ఉండగా, వేయేండ్ల వాఙ్మయమునకు దక్కిన చోటు ఇరుకైనది. ఆ ఇరుకులో శతకమును, యక్షగానమును, అవధాన పద్యములను, బుర్రకథను ఎట్లు సర్దవలెనో అమెరికానుండి వచ్చిన పుస్తకము వివరముగా చెప్పదు. మనము చెప్పుకొనవలెను. ఒక్కడు నిర్ణయించినచో అది వాని ఇష్టము. పదిమంది కలిసి నిర్ణయించినచో అది పద్ధతి.

వానకాలమున పుస్తకములకు పట్టు చెమ్మనుండి రక్షణ, పిల్లల కథాకాలము, పోటీపరీక్షలకు చదువు యువకులకు వేళలు, పత్రికల పాతసంచికలను భద్రపరచుట, తెలుగు లిపిలో కంప్యూటరు పట్టిక — ఇట్టి ప్రశ్న ప్రతి ఊరనున్నది. ఒక ఊర దానికి జవాబు దొరికియుండును. ఆ జవాబు పొరుగూరికి చేరుటకు త్రోవ లేదు.

నేతగాండ్ర పాఠము

చౌటుప్పల్ చుట్టుపట్లనున్న పోచంపల్లి, పుట్టపాక మొదలగు ఊళ్లు చేనేతకు పేరు పొందినవి. అచ్చటి చీరను చూచినవారు నేసినవాని చేతిని మెచ్చుకొందురు. ఆ చీర వెనుక ఎన్ని చేతులున్నవో పనిని దగ్గరగా చూచిన తెలియును. ఒకరు ఆసు పోయుదురు, ఒకరు లెక్కప్రకారము నూలుకు కట్లు కట్టుదురు, ఒకరు రంగులో ముంచుదురు, ఒకరు మగ్గమున కూర్చుందురు. కట్టు ఒక పోగు తప్పినను పువ్వు చెదరును. ఈ విద్యను ఎవరును ఒంటరిగా నేర్వలేదు; వీథి వీథియంతయు కలిసి నేర్చినది, తరువాతివారికి నేర్పినది. గ్రంథాలయ విద్యను సైతము ఈ రీతిగా నిలుపుకొనవలెను.

చేయదగిన పని

ఇందులకు గొప్ప ధనము అక్కరలేదు. బాట పొడవుననున్న నాలుగైదు మండలముల గ్రంథపాలకులు నెలకొకనాడు ఒక్కొక్క ఊర వంతువారీగా కలిసికొనవచ్చును. శాఖా గ్రంథాలయమువారు, ప్రభుత్వ కళాశాలవారు, గురుకుల పాఠశాలవారు, స్వచ్ఛందముగా పుస్తకాలయము నడపు యువకులు అందరును అందు ఉండవలెను. జీతమునుబట్టి గాక పనినిబట్టి కూర్చుండవలెను. ఒక్కొక్క కూటమిలో ఒక్క విషయమునే తీసికొని, చేతితో చేసి చూపవలెను. ఆ నెల పట్టిక, మరుసటి నెల అట్టల మరమ్మతు, ఆ పైనెల కోహా. ఏమి నిర్ణయించిరో రెండు పుటలలో వ్రాసి రానివారికి పంపవలెను. అయ్యంకి వారి కాలమున పత్రిక టపాలో పోయెడిది. నేడు చేతిలోని ఫోనులో క్షణమున పోవును. ఇంత సుకరమైన సాధనమును పండుగ శుభాకాంక్షలకే వెచ్చించుట న్యాయము కాదు.

జిల్లా గ్రంథాలయ సంస్థలు చేయవలసినది ఒకటున్నది. ఆ నెలకూటమికి పోయిన దినమును సెలవుగాగాక పనిదినముగా లెక్కింపవలెను. పుస్తకముల కొనుగోలునకు కేటాయించునట్లే, పుస్తకములను కాపాడు మనుష్యుని చదువునకును స్వల్పభాగము కేటాయింపవలెను. నూరు కొత్త పుస్తకములు వచ్చి, వానిని చదువరికి చేర్చు నేర్పు రానిచో, ఆ నూరును అట్టపెట్టెలోనే ఉండును.

ఉపాధ్యాయులు చేయవలసినదియు కలదు. విద్యార్థులను గ్రంథాలయమునకు పంపుటకు ముందు తామొకమారు పోయి గ్రంథపాలకునితో కూర్చుండవలెను. ఈ మాసమున తరగతిలో ఏ పాఠము నడచునో చెప్పినచో, దానికి సంబంధించిన గ్రంథములను ఆతడు ముందుగా తీసి ఉంచగలడు. పద్యభాగమున శతకము వచ్చినప్పుడు నాలుగు శతకములు బల్లపై కనబడినచో విద్యార్థి కన్ను వానిపై తప్పక పడును. తెలుగు పండితునకు తెలిసిన గ్రంథకర్తల పేర్లు, బిరుదములు, కాలములు గ్రంథపాలకుని పట్టికకు మిక్కిలి ఉపకరించును. గ్రంథపాలకునకు తెలిసిన చదువరుల అభిరుచి పండితునకు ఉపకరించును. ఇరువురి ఉద్యోగశాఖలు వేరైనను చేయుచున్న పని ఒక్కటే.

విద్యార్థులకు ఒక మాట. గ్రంథాలయశాస్త్రమును వేరు చదువు దొరకనివారి చదువుగా భావింపకుడు. అడిగినవానికి అడిగినది వెదకి ఇచ్చుట, అడుగుట తెలియనివానికి ఏది కావలెనో గ్రహించుట గొప్ప విద్య. ఆ విద్యపై మక్కువగలవారికి ఉస్మానియాలోను, సార్వత్రిక విశ్వవిద్యాలయములలోను త్రోవ తెరచియే యున్నది. మన పల్లెటూళ్ల చదువు ఎట్లు పెరుగుననునది ఆ త్రోవను పట్టు యువతీయువకుల పైనను ఆధారపడియున్నది.

అధికారుల అనుమతికై ఎదురుచూడవలసిన కాలమున సూర్యాపేటలో గ్రంథాలయ సేవకులు సభ జరుపుకొనిరి. నేడు వద్దనువారు లేరు. చౌటుప్పల్ నుండి సూర్యాపేటకు రెండు గంటల ప్రయాణమైన పట్టదు. వచ్చు నవంబరు వారోత్సవములలో ఈ బాటమీది గ్రంథపాలకులు ఒకచోట కూడి, తెలుగు పేర్లను పట్టికలో ఎట్లు వ్రాయవలెనను ఒక్క విషయమును తేల్చుకొన్నను చాలును. మిగిలినవి ఆ కూటమియే తేల్చుకొనును.